వంటింటి కత్తి

అవాంగార్డ్ కళాకారుల రాజకీయ పాత్ర అనగానే నాకు బెర్లిన్ దాదా బృందంలోని హానా హోఖ్ గుర్తొస్తుంది. 1920లో ఆ బృందం పెట్టిన అంతర్జాతీయ ప్రదర్శనలో ఆమెకు చోటివ్వడానికి జార్జ్ గ్రోస్, జాన్ హార్ట్‌ఫీల్డ్ మొదట ఒప్పుకోలేదు. యుద్ధాన్నీ పెట్టుబడినీ ఎండగట్టినవాళ్లే! తోటి దాదావాది హాన్స్ రిక్టర్ తన జ్ఞాపకాల్లో ఆమె అందించిన శాండ్‌విచ్‌లనీ కాఫీనీ తలచుకున్నాడు.

చివరికి చోటు దక్కింది. పత్రికల్లోని ఫొటోలు కత్తిరించి ఆమె కూర్చిన చిత్రం పేరులోనే వంటింటి కత్తి ఉంది. కింది మూలలో, స్త్రీలకు ఓటున్న యూరప్ దేశాల పటం. పక్కనే చిన్నగా తన ముఖం. జర్మన్ స్త్రీలకు ఓటు 1918లోనే వచ్చింది. గోడమీద చోటు మాత్రం అంత తేలిగ్గా రాలేదు.

ఉద్యమ సభల్లో నేనూ టీలు అందించినదాన్నే. కళాకారుడి రాజకీయాలు అతని బొమ్మలోనే కాదు, పక్కన ఎవరి బొమ్మకు చోటిచ్చాడన్నదానిలోనూ చూడాలంటాను.