ఉద్దానం తీరాన చుక్కల నడక

చీకటిపడ్డాక భావనపాడు దగ్గరో, మంచినీళ్లపేట తీరంలోనో నిలబడి చూడండి. చుక్కలు సముద్రం మీద పొడిచి, ఆకాశం దాటి, పడమటి కొండల వెనక్కి దిగిపోతాయి. నిజానికి కదులుతున్నది మన భూమి. పడమర నుంచి తూర్పుకు తిరుగుతూ, పలాస, టెక్కలి ప్రాంతాన్ని గంటకు సుమారు 1,580 కిలోమీటర్ల వేగంతో మోసుకుపోతోంది. అందుకే ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున పడమరకు జరిగినట్టు కనిపిస్తుంది. సాగే పడవలో ఉన్నవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు తోస్తుందని 499లో ఆర్యభటుడు చెప్పిన పోలిక మన మత్స్యకారులకు నిత్యానుభవమే.

భూమి ఇరుసు చూపే చోటికి బాగా దగ్గరగా ఉండటం వల్ల ధ్రువతార దాదాపు కదలదు. పలాస నుంచి చూస్తే ఉత్తరాన, మహేంద్రగిరి వైపు, సుమారు 19 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తే మన అక్షాంశం. దక్షిణాన అగస్త్య నక్షత్రం కూడా మహా అయితే ఇంచుమించు అంతే ఎత్తుకు వస్తుంది. ఆగ్నేయంలో పొడిచి, సుమారు ఎనిమిదిన్నర గంటల్లో నైరుతిలో అస్తమిస్తుంది.

భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఏ చుక్కైనా రోజుకు నాలుగు నిమిషాలు, నెలకు రెండు గంటలు ముందుగా పొడుస్తుంది. ఋతువుతో పాటు రాత్రి ఆకాశం మారేది ఇందుకే.

ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటల వేళ అగస్త్యుడు దక్షిణ దిక్కున ఉంటాడు. పిల్లలకు చూపించండి. గంట ఆగి మళ్లీ చూడమనండి. పాఠంలో చదివిన భూభ్రమణం వాళ్ల కళ్లకు కడుతుంది.