పూర్వపక్షం ముందు

తరగతిలో మార్కులకు చర్చ పెడతామనగానే పిల్లలు చేసే మొదటి పని, తమ పక్షం ప్రసంగాన్ని బట్టీ పట్టడం. సన్నాహం అక్కడే దారి తప్పుతుంది. గౌతముడి న్యాయసూత్రాలు చర్చలో వాదం, జల్పం, వితండ అని మూడు రకాలు చెప్పాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసమే చేసేది జల్పం, తన మాటంటూ నిలబెట్టకుండా ఎదుటివారిని ఖండించడమే వితండ. మన శాస్త్రకారులు ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదన చెప్పి, ఆ తర్వాతే తమ సిద్ధాంతానికి వచ్చేవారు. బడిలోనూ ఆ క్రమమే కావాలి. 'బడికి సెల్‌ఫోన్ తేవచ్చా' అన్నది అంశమనుకుందాం. నోటుపుస్తకంలో పేజీ మధ్య గీత గీయించండి. ఎడమవైపు ఎదుటి పక్షపు గట్టి వాదన: దూరం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి దగ్గర ఫోన్ ఉంటే ఇంట్లోవాళ్లకు ధైర్యం. కుడివైపు జవాబు: బడి విడిచేదాకా దాన్ని ఆఫీసు గదిలో ఉంచవచ్చు. ఎవరిది ఏ పక్షమో చర్చ రోజే చీటీ తీసి తేలిస్తే, రెండువైపులా చదవక తప్పదు.

నమ్మని మాట పిల్లల చేత చెప్పించడం తప్పు కదా అని కొందరి అభ్యంతరం. చెప్పించడం వేరు, నమ్మించడం వేరు. ఎదుటివారి కారణాలు తెలిశాకే మన నమ్మకంలో బలమెంతో తెలుస్తుంది. మాటకారులకే మార్కులు పోతాయన్న అభ్యంతరం ఇంకా న్యాయమైనది. అందుకే దేనికెన్ని మార్కులో వారం ముందే గోడమీద అతికించాలి. గొంతుకు తక్కువ, ఆధారానికి, అవతలివారి మాటను సరిగ్గా తిరిగి చెప్పి జవాబివ్వడానికి ఎక్కువ. ఆ గీత గీసిన పేజీనీ దిద్ది మార్కులు వేయాలి.