కథలో పాచిక

కథ చెప్పువా డొకడు, వినువారు పలువురు. ఇది మన మందర మెరిగిన పద్ధతి. కాని వినువారే పాత్రలై, కథను తామే నడపు ఆట యొకటి కలదు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర దీనిని వెలువరించిరి. బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుందురు. ఒకరు కథా నిర్వాహకులు. తక్కినవారికి తలకొక పాత్ర. పాచికలున్నను ఇది జూదము కాదు. పందె మేమియు లేదు.

మరి పాచిక యెందులకు? తాళము తీసితి నని ఆటగాడనును; రాలేదని నిర్వాహకుడనును. ఎవరి మాట చెల్లవలెను? ఆ తగవు తీర్చునది పాచిక. నేటి నియమము ప్రకారము ఇరువది ముఖముల పాచిక వేసి, పడిన సంఖ్యకు పాత్ర నేర్పును కలుపుదురు. తాళమునకు 15 కావలసియుండి, నేర్పు 5 అయినచో, 10 గాని అంతకు మించి గాని పడవలెను; అనగా 20 పాళ్లలో 11 పాళ్లు గెలుపు.

ఇందొక చిక్కు కలదు. ఇటీవల ఒక మిత్రుని యింట మేమును ఈ యాటకు కూర్చుంటిమి. మూడు మారులు వేసినను మా తాళము రాలేదు. కథ అచటనే నిలిచినది. నాల్గవమారు పాచిక పట్టుటకు మాకే సిగ్గు కలిగి, మిన్నకుంటిమి. ఓడినవాడు ఇట్లు నోరు మూసికొనుటయే ఈ యాటకు నిజమైన నష్టము.

2010లో అమెరికాలోనే బేకర్ దంపతులు వెలువరించిన 'అపోకలిప్స్ వరల్డ్' దీనికి చక్కని యుపాయము చూపినది. అందు ఆరు ముఖముల పాచికలు రెండు. మొత్తము 10 గాని, ఆ పైన గాని అయినచో పూర్తి విజయము; 7 మొదలు 9 వరకు, ఏదో యొక కష్టముతో కూడిన విజయము; 6 గాని, ఆ లోపు గాని అయినచో నిర్వాహకుడు కథను ఎదురు త్రిప్పును. ఏ సంఖ్యయు కలుపనిచో 36 విధములలో వీని వంతులు వరుసగా 6, 15, 15. పూర్తి విజయమే అరుదు!

మా తాళమునే ఈ పద్ధతిని చూతము. 8 పడినది. తాళము వచ్చినది, కాని చప్పుడునకు కావలివాడు మేలుకొనెను. వానిని మాటలతో ఏమార్చుట ప్రక్కవాని వంతు. మా కొరత ఆతని కథకు మొదలైనది. ఏ యొక్కరును తలపోయని మలుపు ఇట్లు అందరి సొత్తగును.

సెలవునాడు పిల్లలతో ఈ యాట ఆడదలచువారికి మా మనవి యొక్కటే. పాచిక విసరుటకు ముందే, ఓడినచో ఏమగునని అడుగుడు. ఏమియు కాదని తోచినచో పాచిక అక్కరలేదు. తాళము వచ్చినదని చెప్పి కథను ముందుకు నడపుడు.