అట్ట బెజ్జాల నుంచి కోడింగు దాకా



జకార్డు మగ్గం మనకు తెలిసిందే. 1804లో ఫ్రాన్సులో తయారైంది. అట్టకు బెజ్జం ఉంటే పడుగు పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. నేటి కోడింగుకు తాత అదే! ఆ కిటుకు పట్టుకుని 1843లో లెక్కల యంత్రానికి ఆజ్ఞల వరుస రాసింది ఒక స్త్రీ, అడా లవ్‌లేస్. మరి గోండ్‌పిప్రిలో మన అమ్మాయిలకు అది రాదంటే నమ్ముతామా?

2007లో వచ్చిన స్క్రాచ్ ఉచితం. ఆజ్ఞల దిమ్మెలు పేర్చడమే పని. రోబోలకు వాడే మైక్రోబిట్ పలక కొనలేకపోయినా దాని నమూనా తెర మీద నడుస్తుంది. ఆన్‌లైన్ వర్క్‌షాపులో తప్పు వస్తే అక్కడికక్కడే అడగవచ్చు.

ఇబ్బందల్లా ఇంట్లోనే. ఉన్న ఒక్క ఫోనూ కొడుకు చేతిలో, చీపురేమో కూతురి చేతిలో! షిఫ్టు మారగానే మనం మగ్గం అప్పగించమా? ఆదివారం రెండు గంటలు ఫోను ఆమెకు అప్పగించండి. గదీ, కంప్యూటరూ ఇమ్మని నగర పంచాయతీని కలిసి అడుగుదాం.