ముఖాలు చదివే మెదడు

ఒక కంటి డాక్టరుగారి జ్ఞాపకార్థం ఏర్పడిన ధర్మనిధి ఉపన్యాసం ఇది. అందుకే కంటి వెనకాల జరిగే పని గురించి మాట్లాడదామనుకున్నాను.

బారసాలకు వచ్చిన చుట్టాలు ‘అప్పుడే నన్ను గుర్తుపట్టేశాడే’ అని మురిసిపోతుంటారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. పుట్టిన కొద్ది నిమిషాలకే పసిబిడ్డ ముందు బొమ్మలు ఒక్కొక్కటిగా కదిలిస్తే, కళ్లూ ముక్కూ చెల్లాచెదురైన బొమ్మకంటే ముఖంలా ఉన్న బొమ్మనే ఎక్కువ దూరం చూపుతో వెంబడిస్తుందని 1975లో గోరెన్ బృందం చూపించింది. పుట్టుకతో వచ్చేది ఆ ఆకర్షణ మాత్రమే. ముఖానికీ ముఖానికీ తేడా తెలియడం వేరే సంగతి. తల్లి జుట్టు కనబడకుండా తలకు గుడ్డ చుడితే, నాలుగు రోజుల బిడ్డలు ఆమెకూ పరాయి స్త్రీకీ తేడా చూపలేదని 1995లో పాస్కాలిస్ బృందం తేల్చింది.

అదే పాస్కాలిస్ 2002లో కోతుల ఫొటోలు చూపించాడు. ఆరు నెలల పిల్లలు ఒక కోతికీ మరో కోతికీ తేడా కనిపెట్టారు. తొమ్మిది నెలలవాళ్లు కనిపెట్టలేకపోయారు, పెద్దవాళ్లూ అంతే. రోజూ కనబడే ముఖాల మీదే మెదడు శ్రద్ధంతా పెట్టి మిగతావాటిని వదిలేస్తుంది. వేరే జాతులవాళ్ల ముఖాల విషయంలోనూ దాదాపు ఆ నెలల్లోనే ఇలా జరుగుతుంది. ‘వాళ్లంతా ఒకేలా ఉంటారండీ’ అనేవారు చెబుతున్నది తాము పెరిగిన వీధి గురించే!

మరి ఆ తొలి నెలల్లో ఏ ముఖమూ కనబడకపోతే? పుట్టుకతో శుక్లాలున్న పిల్లలకు జరిగేది అదే. దీనికి జవాబు వెదికిన ఒక ముఖ్యమైన పరిశోధన మన హైదరాబాదులో జరిగింది. ముఖం కనబడ్డ దాదాపు 170 మిల్లీసెకన్లకు మన మెదడులో ఒక విద్యుత్ తరంగం లేస్తుంది. ఇతర వస్తువులకంటే ముఖాలకు అది పెద్దదిగా ఉంటుంది. పుట్టు శుక్లాలు తీయించుకుని చూపు తెచ్చుకున్నవారిలో ఈ తరంగాన్ని హాంబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రిగిట్ రోడర్ బృందం, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లతో కలిసి కొలిచింది. 2013లో ఫలితాలు వచ్చాయి. తరంగం లేచింది కానీ ముఖానికీ ఇతర బొమ్మలకూ తేడా చూపలేదు. కొంత చూపు అనుభవం ఉన్నాక శుక్లాలు వచ్చినవారిలో మాత్రం మామూలుగానే ఉంది.

కెనడాలో డాఫ్నీ మౌరర్ బృందం చూసినవారికి ఆపరేషన్ కొద్ది నెలల వయసులోనే అయింది. అయినా, ఏళ్ల తరబడి చూపు ఉన్న తర్వాత కూడా, కళ్ల మధ్య ఎడంలో చిన్న తేడాలు పట్టుకోవడంలో వెనకబడ్డారు. ఒక కంటికే శుక్లం ఉన్నవారిలో ఇంకో విచిత్రం: ఎడమ కంటి శుక్లం తెచ్చిన లోటు కుడి కంటి శుక్లం తేలేదు. పసితనంలో ఎడమ కంటి చూపు ఎక్కువగా మెదడు కుడి సగానికి చేరుతుంది. ముఖాల పనిలో పెద్దపాలు దానిదే.

పసిబిడ్డ చూపు ఎలాగూ మసకే. ఆ మసకే మేలు చేస్తుందేమోనన్నది పవన్ సిన్హా బృందం 2018లో చేసిన ఊహ. ముందు మసక బొమ్మలు, ఆ తర్వాత స్పష్టమైనవి చూపించి తర్ఫీదిచ్చిన కంప్యూటరు ముఖాలను బాగా గుర్తించింది. వివరాలు అందనప్పుడు మొత్తం అమరికనే పట్టుకోవాలి కదా! ఆలస్యంగా చూపొచ్చిన పిల్లలకు ఆ మసక దశ దక్కదు. నాకిది నచ్చిన ఊహ. కానీ కంప్యూటరు పసిబిడ్డ కాదు.

ఆ ఊహ నిజమైనా కాకపోయినా, తొలి నెలల చూపు విలువైనదే. అందుకే కంటిపాపలో తెలుపు కనబడితే ‘పెద్దయ్యాక చూద్దాం’ అనకూడదు. రెండు కళ్లలో దట్టమైన శుక్లాలుంటే రెండు నెలల్లోపే ఆపరేషన్ జరగాలన్నది వైద్యుల మాట. కానుపు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేలోపు బిడ్డ కంట్లోకి లైటు వేసి ఎరుపు మెరుస్తోందో లేదో చూడడానికి నిమిషం చాలు.

ఆలస్యమైతే ఇక అంతేనా? కాదు. సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో ఏళ్ల తరబడి చూపు లేకుండా పెరిగిన పిల్లలు, ఆపరేషనైన కొత్తలో ముఖమేదో, ముఖం కానిదేదో చెప్పలేకపోయారు. నెలలు గడిచేసరికి చెప్పగలిగారు. పదేళ్ల పిల్లవాణ్ణి ‘ఇప్పుడెందుకులే’ అని వెనక్కి పంపడానికి నేను చెప్పిన పరిశోధనల్లో ఏదీ సాకు కాదు.