చక్కెర ఏ మొక్కదో చెప్పే కార్బన్

ఒక వైన్ సీసా తీసుకుందాం. అందులోని ఆల్కహాల్ అంతా ద్రాక్షదేనా, పులియబెట్టే ముందు ఎవరైనా చెరకు చక్కెర కలిపారా? రుచి చూసి చెప్పలేం. మామూలు రసాయన పరీక్షకూ అందదు. ఈస్ట్ ఏ చక్కెర తిన్నా తయారయ్యేది ఇథనాలే కదా. తేడా ఆ ఇథనాల్‌లోని కార్బన్‌లో ఉంది.

ప్రకృతిలోని కార్బన్‌లో దాదాపు 98.9 శాతం కార్బన్-12. మిగతా 1.1 శాతం కొంచెం బరువైన కార్బన్-13. మొక్కలు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకునేటప్పుడు తేలికపాటి కార్బన్ వైపే మొగ్గుతాయి. ఎంత మొగ్గుతాయన్నది మొక్కను బట్టి ఉంటుంది. ద్రాక్ష, వరి, గోధుమ, షుగర్ బీట్ సి3 మొక్కలు. వీటిలో రుబిస్కో అనే ఎంజైమే కార్బన్‌ను మొదట పట్టుకుంటుంది, బరువైనదాన్ని బాగా వదిలేస్తుంది. చెరకు, జొన్న, మొక్కజొన్న సి4 మొక్కలు. వీటిలో ముందు వేరే ఎంజైమ్ పనిచేస్తుంది, దానికి అంత పట్టింపు లేదు. అందుకే వరిమడి, చెరకు తోట పక్కపక్కనే ఉండి ఒకే గాలి పీల్చినా, చెరకులో కార్బన్-13 కాస్త ఎక్కువ.

దీన్ని ఎలా కొలుస్తారు? వైన్ నుంచి ఇథనాల్‌ను స్వేదనం చేసి వేరుచేస్తారు. దాన్ని పూర్తిగా కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ఐసోటోప్ రేషియో మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. ఆ యంత్రం 44, 45 భారాలున్న అణువుల నిష్పత్తి చూస్తుంది. ఫలితాన్ని ఒక అంతర్జాతీయ ప్రమాణంతో పోల్చి, వెయ్యికి ఎంత తేడా అని చెబుతారు. ఆ ప్రమాణంలో కార్బన్-13 ఎక్కువ కాబట్టి మొక్కల అంకెలు మైనస్‌లో వస్తాయి.

ఒక లెక్క వేద్దాం. ద్రాక్ష ఇథనాల్ మైనస్ 27, చెరకు ఇథనాల్ మైనస్ 12 అనుకోండి. మధ్య దూరం 15. మన సీసా మైనస్ 24 చూపిందంటే 3 జరిగింది. అంటే ఆల్కహాల్‌లో దాదాపు 20 శాతం చెరకుది.

కానీ ద్రాక్ష అంకె ఎప్పుడూ ఒకేలా ఉండదు. నీటి ఎద్దడి వస్తే ఆకుల రంధ్రాలు మూసుకుంటాయి, లోపల ఉన్న కార్బన్‌తోనే సరిపెట్టుకోవాలి, దాంతో కార్బన్-13 వాటా పెరుగుతుంది. ఎండకాచిన ఏడాది వైన్‌ను కల్తీ అనేస్తే రైతుకు అన్యాయం. అందుకే ఐరోపా సమాఖ్య 1990ల నుంచీ ఏటా అసలైన వైన్‌ల కొలతలతో డేటాబ్యాంక్ నడుపుతోంది. నా దృష్టిలో యంత్రం కంటే విలువైనది ఆ డేటాబ్యాంకే.

ఇక అసలు చిక్కు షుగర్ బీట్. అదీ సి3 మొక్కే కాబట్టి బీట్ చక్కెర కలిపితే కార్బన్ పరీక్ష పట్టలేదు. దీనికి ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో జెరార్ మార్టాన్ బృందం 1980లలో దారి చూపింది. ఇథనాల్‌లో బరువైన హైడ్రోజన్, అంటే డ్యూటీరియం, ఏ స్థానంలో ఎంత ఉందో న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్ (ఎన్ఎంఆర్) తో కొలిచే పద్ధతి అది. ఇప్పుడు రెండు పరీక్షలూ కలిపి చేస్తారు.

ఇది మన వంటింటి విషయం కూడా. తేనెలో చెరకు పాకం కలిపితే కార్బన్ పరీక్షలో దొరుకుతుంది. వరి నుంచి తీసిన సిరప్ కలిపితే దొరకకపోవచ్చు, వరి సి3 కదా. మన దేశంలో అమ్మే తేనెలో ఇలాంటి సిరప్‌లు ఉన్నాయని 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టింది. కాబట్టి తేనె కొనేటప్పుడు సి4 పరీక్ష, అంటే ఈ కార్బన్ పరీక్ష, పాసైందన్న మాటతో ఆగకండి. ఎన్ఎంఆర్ పరీక్ష చేయించారా అని కూడా అడగండి.