సీసపు సిపాయిల కాటలాగులు

లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థ 1893లో లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిలను పోతపోయడం మొదలుపెట్టింది. సీసం ఆదా అయింది, ధర తగ్గింది, పిల్లల చేతికి పటాలాలే వచ్చాయి. ఆ బొమ్మలను చాలామంది దాచుకున్నారు. కాటలాగులను, కరపత్రాలను మాత్రం చదివి పారేశారు. ఏ పెట్టెలో ఎందరు సిపాయిలు, ఏ రెజిమెంటు, ఏ నంబరు అన్నది తేల్చేవి ఆ కాగితాలే! రంగు వెలిసిన బొమ్మ అసలు పేరు అక్కడే దొరుకుతుంది.

అలాంటి కాగితాలు మీ దగ్గరుంటే దయచేసి లామినేషన్ చేయించకండి. సెల్లోటేపు అసలే వద్దు, ఆ జిగురు మరక ఇక పోదు. తుప్పుపట్టిన పిన్నులు మెల్లగా తీసేయండి. ఆమ్లం లేని కాగితపు కవర్లలో, మడతపెట్టకుండా, ఎండా తేమా తగలని బీరువాలో పడుకోబెట్టి ఉంచండి. ఏ ఏటిదో తెలిస్తే కవరు మీద పెన్సిలుతో రాయండి, అదీ కాగితం లోపల పెట్టకముందే.